వాడకట్టు అల్లుడు

పెద్దకర్మ కార్డు ఎవరో గడపలో పెట్టి పోయారు. ముసలితనంలో నేర్చుకున్న చదువు కదా, అచ్చక్షరాలను ఇప్పటికీ వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కుంటాను. పైన దేవుని బొమ్మ, కింద ఒక పేరు. రెండుసార్లు చదివినా ఆ పేరుగల మనిషి మా వాడకట్టులో ఎవరో తట్టలేదు. మనుమరాలిని అడిగితే అది నవ్వింది.

"అల్లుడు తాతనే అవ్వా. గాయన పేరు గదే."

గోడకు గోడ ఆనుకొని ఇన్నేండ్లు బతికాం. పేరు కార్డు మీద తెలిసింది.

పోయేనాటికి ఆయనకు ఎనభై దాటాయి. మనుమలు మగ్గం ఎక్కారు. అయినా పోచంపల్లిలో మా సాలోళ్ల వాడకట్టుకు ఆయన అల్లుడే. పెద్దవాళ్లకు అల్లుడు, పిల్లలకు అల్లుడు తాత, దారం అమ్మే సేటుకు అల్లుడు సాబ్. ఇల్లరికం వచ్చిననాడు పెట్టిన పిలుపు అట్లాగే ఉండిపోయింది. నేను మాత్రం అన్నా అనేదాన్ని. పక్కింటి ముసలమ్మ మా ఆయనకు చిన్నమ్మ, నాకు చిన్నత్త. ఆమె ఒక్కగానొక్క బిడ్డ నాకు ఆడబిడ్డ. ఆడబిడ్డ మొగుడు అన్నే కదా.

నేను కాపురానికి వచ్చింది నిజాం రాజ్యం ఇంకా గట్టిగా ఉన్నప్పుడు. వచ్చిన ఏడే ఆ ఆడబిడ్డ విషజ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ఆ ఇంట్లో ముగ్గురు మిగిలారు. పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయిన చిన్నమామ, చిన్నత్త, అల్లుడు.

కర్మ అయిపోగానే అన్న తల్లి ఆలేరు దిక్కు నుంచి కొడుకును తీసుకపోదామని వచ్చింది. "బిడ్డ పోయినంక ఇంక అల్లుడేందిరా? మూట కట్టు" అంది. ఆయన మగ్గం గుంటలో కూర్చొని తెగిన పోగును వేళ్ల మధ్య నలిపి అతికిస్తున్నాడు. తల ఎత్తకుండానే "జర చూద్దాం తియ్" అన్నాడు. ఆమె రెండు పూటలు ఉండి, అన్నం తిని, తిట్టి వెళ్లిపోయింది. ఆయన మూట కట్టలేదు.

జర చూద్దాం తియ్. ఆయన నోట ఎక్కువగా విన్న మాట అది. సలహా చెప్పినా అదే, కోపం చేసినా అదే. చూద్దాం అన్నాడంటే ఆ పని చేయడని కొత్తలో అనుకున్నాను. తరువాత తెలిసింది, చేయదలచుకున్న పని గురించి వాదించడం ఆయనకు రాదని.

పొద్దున్నే చిన్నమామను రెండు చేతుల మీద ఎత్తి ఎండలో మంచం మీద కూర్చోబెట్టేవాడు. ముట్టుకునే ముందు చేతులను భుజం మీది రుమాలుకు తుడుచుకునేవాడు, చేతులు శుభ్రంగా ఉన్నా సరే. అంబలి తెచ్చి మొదట తన మణికట్టు మీద ఒక చుక్క వేసుకొని చూసేవాడు. మామ మూతి ఒక పక్కకు జారేది. జారిన పక్కన చేయి పట్టి, బాగున్న పక్కనుంచి పోసేవాడు. మగ్గం దగ్గర పోగులు కత్తిరించే చిన్న కత్తెరతోనే మామ గోళ్లు తీసేవాడు. తరువాత గుంటలో దిగి నాడె విసిరేవాడు. మాకు ఆ మగ్గం చప్పుడు గోడ అవతలి నుంచి పొద్దంతా వినిపించేది. ఆగిందంటే మామ దగ్గాడన్నమాట. కాసేపటికి మళ్లీ మొదలయ్యేది. ఇటుపక్క ఆసు పోస్తూ, అంటే మేకుల చుట్టూ దారం తిప్పుతూ, ఆ చప్పుడు మళ్లీ మొదలయ్యేదాకా నా చేయి కూడా ఆగేది.

చిన్నత్తతోనే కష్టం.

అప్పట్లో మా దిక్కు అత్త అల్లుని ముందర పడేది కాదు. ఎదురొస్తే కొంగు ముఖం మీదికి లాక్కొని గోడ దిక్కు తిరిగేది. మాట్లాడడం అసలే లేదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో బిడ్డ ఉండేది. బిడ్డ పోయినాక మధ్యలో ఎవరూ లేకుండా పోయారు, వాకిట్లో కట్టేసిన మేక తప్ప.

చిన్నత్త మేకతో మాట్లాడేది. "ఏమే, జొన్నలు అడుగంటినయ్. ఎల్లుండేనాయె సంత" అనేది. మేక నెమరు వేసుకుంటూ ఉండేది. గుంటలోంచి ఆయన మగ్గానికి చెప్పేవాడు, "పోయొస్త" అని. అన్నం పెట్టి "తినవే, చల్లారితే బాగుండది" అని మేకను కసురుకునేది. ఆయన లేచి చేతులు కడుక్కునేవాడు. కొత్తలో నేను కొంగు నోట్లో కుక్కుకొని నవ్వేదాన్ని. కొన్నాళ్లకు ఆ మేక ఇంట్లో పెద్ద మనిషిలాగే కనిపించింది నాకు.

ఆ ఎండాకాలం చిన్నత్త కట్టెలకు పోయి తుమ్మముల్లు తొక్కింది. ముల్లు వచ్చింది కానీ పుండు మానలేదు. నూనె గుడ్డ చుట్టుకొని, చీర కుచ్చెళ్లు కాస్త కిందికి జార్చుకొని తిరిగేది. నేను వాసన పట్టాను. "అల్లునికి చెప్తివా, మల్ల నీ మొఖం చూడ" అని నా చేత ఒట్టు వేయించుకుంది. అల్లునికి ఒంటి సంగతి చెప్పడమంటే ఆమెకు చీర లేకుండా నిలబడినంత సిగ్గు.

ఆయనకు నేను చెప్పలేదు. ఆమె అలికిన నేలే చెప్పింది. పేడతో అలికి ఆరకముందే ఇటూ అటూ నడిచిందామె. ఆ జాడల మీదికి వంగి, నేత తప్పిన రుమాలును చూసినట్టు చూస్తున్నాడు ఆయన. ఒక కాలు నిండుగా పడింది. రెండో కాలు మడమ ఒక్కటే పడింది, వేళ్లు లేవు.

"చెల్లే, ఎన్నిరోజుల సంది?" అని నన్ను అడిగాడు. ఒట్టు గుర్తొచ్చి నేను నేల చూశాను. ఆయన ఇంకేమీ అడగకుండా బండి మాట్లాడడానికి పోయాడు.

భువనగిరి సర్కారు దవాఖానకు పోతున్నామంటే చిన్నత్త మొండికేసింది. చిన్నమామ ఎండలో మంచం మీద నుంచి బాగున్న చేతిలోని కర్రతో నేల మీద కొట్టాడు, పో అన్నట్టు. అప్పుడు లేచింది. మామ దగ్గర మా ఆయన కూర్చున్నాడు. బండిలో చిన్నత్త, తోడుగా నేను. అత్త ఎక్కిన బండి అల్లుడు ఎక్కరాదు కనుక అన్న భువనగిరి దాకా ఎడ్ల పక్కన నడిచే వచ్చాడు. దారిలో నీళ్లు తాగుతావా అని ఆయన ఎడ్లను అడిగితే, వద్దని చిన్నత్త నాకు చెప్పింది.

డాక్టరు సాబ్ ఉర్దూలో అడిగితే కాంపౌండరు తెలుగులో చెప్పేవాడు. చిన్నత్త నోరు విప్పలేదు. అన్న గడప దాటి బయటికి పోయినాకే కొంగు తీసి కాలు చూపింది. డాక్టరు పుండును చూసి, మూత్రం పరీక్ష చేయించి, ఒంట్లో చక్కెర ఉందన్నాడు. ఇట్లాంటివాళ్లకు పుండు తొందరగా మానదట. బెల్లం మానాలట.

కాంపౌండరు వేళ్లు మడుస్తూ చెప్పాడు. "పొద్దున కాచిన నీళ్లల్ల గీ గింజలు రెండు ఏస్తే వంకాయ రంగు అయితయ్. చీము పోయిందాక వాటితోని కడగాలె. గీ పసుపు మందుల బట్ట ముంచి కట్టాలె. రోజు చెయ్యాలె. చెయ్యకపోతే విషం పైకెక్కుతది, కాలు తీసుడే. ఇంట్ల ఎవరు చేస్తరు?"

గడప అవతలి నుంచి అన్న, "నేను చేస్త" అన్నాడు.

చిన్నత్త నా చేయి పట్టుకొని చెవిలో అంది, "చస్త గని చెయ్యనియ్య."

ఇంటికి వచ్చినాక మొదట నేనే కడిగాను. నాకు అప్పుడు ఏడో నెల. మా అత్తకు తెలిసి, కడుపుతో ఉన్నదానివి చీము ముట్టుకుంటావా అని గిన్నె గుంజుకుంది. చిన్నత్త తమ్ముని పెండ్లాం రెండు రోజులు వచ్చింది. వాసనకు తట్టుకోలేక మూడో రోజు పొలం పని ఉందని చెప్పి పంపింది. ఇంక నేనే కడుక్కుంటానంది చిన్నత్త. వంగితే ఆయాసం, పుండేమో అరికాలి కింద, కళ్లకు ఆనదు. కట్టు మీదనే నీళ్లు పోసుకొని అయిందనేది. వాపు చీలమండ దాకా ఎక్కింది.

బెల్లం సంగతి వేరే. ఆయన బెల్లం ముద్దను మగ్గం గుంటలో తాను కూర్చునే పలక కింద దాచాడు. "ఎలుకలు ఎత్తుకపోయినయానే బెల్లం?" అని చిన్నత్త మేకను నిలదీసేది. "చక్కెర ఉన్న ఎలుక అది" అనేవాడు ఆయన మగ్గంతో. మామ మంచం మీద సగం ముఖంతో నవ్వేవాడు.

ఆ నవ్వు కూడా ఆగిపోయింది వాపు చూశాక. నేను పక్కన కూర్చొని బతిమాలాను, ఆయన కొడుకులాంటివాడు, కడగనియ్యి అని. చిన్నత్త వాకిలి దిక్కు తిరిగింది. నాతో కాదు, మేకతోనే చెప్పింది.

"పెండ్లిల పల్లెం పెట్టి ఆయన కాళ్లు మేం గడిగినం. నేను నీళ్లు పోసిన, ఆ మంచం మీది మీ పటేలు గడిగిండు. కడిగిన నీళ్లు నెత్తిన జల్లుకున్నం. ఆ కాళ్లున్న మనిషి నా కాలు పడితే, నా బిడ్డ పైనుంచి చూడదానే?"

గుంటలో మగ్గం ఆగింది. ఎప్పటిలాగా మళ్లీ మొదలు కాలేదు. ఆయన పైకి వచ్చి లోపలి గదిలోకి పోయాడు. సందూకు మూత తెరిచిన చప్పుడు వినబడింది. ఒక తెల్లబట్ట తెచ్చాడు, అంచులకు పసుపు ఇంకా అంటుకొని ఉంది. పెండ్లిలో పిల్లకూ పిల్లగానికీ మధ్య అడ్డం పట్టిన తెర. తానే నేసుకున్నది. దూలానికి తాడు కట్టి చిన్నత్త మంచానికీ వాకిలికీ మధ్య వేలాడదీశాడు. నేల నుంచి జానెడు ఎత్తులో ఆగేట్టు సరిచూశాడు. అవతల కింద కూర్చొని నన్ను పిలిచాడు.

"చెల్లే, జర చెప్పు. ఆనాడు గీ బట్ట అడ్డం ఉంటే తీసిందాక నేను వాళ్ల బిడ్డ మొఖం చూడలే. ఇప్పుడు తియ్యనే తియ్య. మొఖం చూడ, మాట్లాడ. కాలొక్కటి ఇవతల పెట్టుమను."

తెర ఇవతల నేను, చిన్నత్త. చెప్పేదేముంది, ప్రతి మాటా ఆమె విన్నది. పక్క మంచం మీద మామ కర్ర పట్టుకొని ఉన్నాడు కానీ నేల మీద కొట్టలేదు. గిన్నెలో వంకాయ రంగు నీళ్లు ఆవిరి చిమ్ముతున్నాయి. చల్లారుతాయేమోనని నాకు భయం.

చిన్నత్త తెర పక్కనుంచి వాకిట్లోకి చూసింది. "ఏమే, గట్ల చూస్తవ్? కాలు ఎన్నడు చూడలేదా?" అని మేకను కసిరింది. తరువాత తెర కింద నుంచి కాలు అవతలికి జరిపింది.

నేను తెర ఓరగా నిలబడి రెండు పక్కలా చూశాను. ఆయన చేతులు రుమాలుకు తుడుచుకున్నాడు. నీళ్లు మణికట్టు మీద వేసుకొని చూశాడు. అంబలికి చేసినట్టే. పాత కట్టును గుంజకుండా తడుపుతూ, నానబెడుతూ, చిక్కుపడ్డ దారాన్ని విప్పినట్టు విప్పాడు. నొప్పి పుట్టినప్పుడు చిన్నత్త "మెల్లగనే, మెల్లగ" అని మేకను తిట్టింది. ఆయన చేయి అక్కడే ఆగి, మళ్లీ కదిలింది.

వాడకట్టులో మాట పాకకుండా ఉంటుందా. కల్లు దుకాణం దగ్గర ఎవరో అన్నారట, "ఏం అల్లుడా, అత్త కాళ్లు పిసుకుతున్నవట" అని. "రెండు లెవ్వు, ఒక్కటే" అన్నాడట ఆయన. అడిగినవాని పక్కనే కూర్చొని కల్లు తాగి వచ్చాడట. మా ఆయన ఇంటికి వచ్చి చెప్పి చెప్పి నవ్వాడు.

కానుపుకు నన్ను పుట్టింటికి తీసుకపోయారు. అక్కడ ఉన్నన్ని రోజులూ నాకు ఆ కాలి మీదనే మనసు. పోయేనాటికి వాపు దిగలేదు. మా వాడకట్టు నుంచి దారం కోసం వచ్చినవాళ్లను అడిగితే, ఉన్నది, కడుగుతుండు అనేవారు. కాలు ఉన్నదా ముసలామె ఉన్నదా అని అడగడానికి నోరు రాలేదు.

బాలెంత స్నానాలు అయ్యి, బిడ్డను ఎత్తుకొని తిరిగి వచ్చాను. వానకాలం నడుస్తోంది. పక్కింటికి బిడ్డను చూపించడానికి పోతే చిన్నత్త మంచం మీద కూర్చొని ఉంది, రెండు కాళ్లూ కిందికి వేలాడేసుకొని. చిటికెన వేలు లేదు, దవాఖానలో తీసేశారట. మిగతా కాలు సన్నబడి, కొత్త తోలు ఎర్రగా పట్టి, కాలులాగా ఉంది. నేను దాన్నే చూస్తుంటే "బిడ్డను చూపియ్యవే ముందుగాల" అంది.

కడిగే వేళ అయింది. అన్న గిన్నె తెచ్చి ఎప్పటి జాగాలో కూర్చున్నాడు. పైకి చూశాడు. తెర లేదు. పొద్దున ఉతికి ఆరేశారట, ముసురుకు ఆరలేదు. తడిబట్ట దండెం మీద వేలాడుతోంది. ఆయన లేవబోయాడు, దాన్నే పిండి కడదామని కాబోలు. చిన్నత్త తడితెరను చూసింది. మేకను చూసింది. దానికేమీ చెప్పలేదు. రెండు కళ్లూ గట్టిగా మూసుకొని కాలు ముందుకు చాపింది.

ఆయన కూర్చుండిపోయాడు. చేతులు తుడుచుకున్నాడు. ఆమె కళ్లు మూసుకునే ఉంది, కట్టు కట్టడం అయ్యేదాకా. అయినాక ఆయన గిన్నె తీసుకొని బయటికి పోయినాకనే తెరిచింది.

ఆ రోజు తరువాత ఆ తెర మళ్లీ కట్టలేదు. మడిచి సందూకులో పెట్టారు. కాలు చాపే వేళకు కళ్లు మూసుకోవడం మాత్రం చిన్నత్త మానలేదు, పుండు మానినా. పుండు మానినాక కూడా ఆ అరికాలును రోజూ చూడాలని దవాఖానలో చెప్పారు. ఆయన చూసేవాడు.

చిన్నమామ మరుసటి చలికాలం పోయాడు. ఆయన కర్రనే చిన్నత్త పట్టుకొని నడిచేది. ఆ కర్రతోనే తన అన్న ఇంటికి పోయి, ఆ ఇంటి మనుమరాలిని అల్లునికి అడిగి వచ్చింది. అల్లుడు ఒప్పుకుంటాడా అని నేనంటే, మేకకు చెప్పాను, విన్నాడు అంది. ఆ వచ్చిన పిల్ల చిన్నత్తను అమ్మా అని పిలిచింది. నిజాం రాజ్యం చివరి గడబిడల కాలంలో బండ్లు ఆగిపోయి, ఊరు దాటాలంటే జనం జంకినప్పుడు కూడా ఆయన మందు గింజలకు నడిచి పోయి వచ్చాడు. చిన్నత్త రెండు కాళ్లతోనే పోయింది, ఆ రాజ్యం పోయిన తరువాతి ఏడు. చివరిదాకా అల్లునితో ఒక్క మాట మాట్లాడలేదు. అంత మాట్లాడిన అత్తను నేను మళ్లీ చూడలేదు.

ఇదంతా మొన్న ఆయన పోకముందే నాకు గుర్తుకొచ్చింది.

జారిపడి తుంటి ఎముక విరిగి ఆయన మంచం పట్టాడు. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోడన్నారు. పెండ్లాం ఎప్పుడో పోయింది. కొడుకు దుకాణానికి పోతాడు. ఇంట్లో ఉండేది కోడలు. చూసి వద్దామని నేను కర్ర పట్టుకొని పోతే, ఆ పిల్ల వాకిట్లోనే గిన్నెతో నిలబడి ఉంది. కళ్లల్లో నీళ్లు.

"అవ్వా, మామ వీపు మీద పుండ్లయినయ్. నన్ను కడగనిస్తలేడు. కోడలు ముట్టుకునుడేందని మొన్నటి సంది గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. దవాఖానల ఏమో రోజు కడగాలన్నరు."

లోపలికి పోయాను. ఆయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. మంచం పట్టె మీద కూర్చున్నాను. కాస్త ఊపిరి తీసుకొని అడిగాను.

"అన్నా, మేక సుత లేదాయె. ఎవరికి చెప్తవిప్పుడు?"

ఆ ముసలి వీపు కొంచెం అదిరింది. నవ్వాడని నాకు తెలుసు.

"జర చూద్దాం తియ్" అన్నాడు గోడతో.

కోడలిని రమ్మని సైగ చేశాను. ఆ పిల్ల వచ్చి మంచం పక్కన కూర్చుంది. నీళ్లు ఎక్కువ వేడిగా ఉన్నాయేమో మణికట్టు మీద వేసుకొని చూడమన్నాను. చూసింది. ఆయన మెల్లగా, పట్టె పట్టుకొని, కాస్త బోర్లా జరిగాడు. ముఖం ఇప్పుడు నా వైపు ఉంది. రెండు కళ్లూ గట్టిగా మూసుకున్నాడు.

కోడలు గిన్నె దగ్గరికి జరుపుకుంది.